ఏలం అన్నా, వేలం అన్నా



మా వత్రాప్ బడిలో ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లలకు కొన్ని తమిళ మాటలిచ్చి, వాటికి సరైన తెలుగు మాటలు రాయమన్నాను. 'ఏలం' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి తరగతి రెండుగా చీలిపోయింది. సగం మంది 'ఏలకులు' అని రాశారు. మిగిలిన సగం 'వేలం పాట' అని రాశారు. రెండు పక్షాలకూ మార్కులు వేశాను. ఎందుకంటే తమిళంలో ఏలం అంటే ఏలకులూ అవును, వేలమూ అవును. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి, "సార్, ఏలాన్ని ఏలం వేస్తే దాన్ని ఏమంటారు?" అని అడిగాడు. అందరూ గొల్లున నవ్వారు. నేను మాత్రం, "బోడి అంటారు, కూర్చో" అన్నాను.

బోడి అంటే బోడినాయకనూరు. మా ఊళ్లో నిలబడి పడమటి దిక్కు చూస్తే కనిపించే కొండలు దాటితే వరుసనాడు లోయ వస్తుంది. అది తేని జిల్లా. ఆ జిల్లాలోనే కేరళ సరిహద్దును ఆనుకొని బోడి ఉంది. ఒకప్పుడు అది తెలుగు మాట్లాడే నాయకర్ల జమీను. ఇడుక్కి కొండల్లో పండిన ఏలకులు దిగివచ్చి అమ్ముడుపోయే ఊరు. అక్కడ ఒకప్పుడు గొంతెత్తి పాట పాడేవారు. ఇప్పుడు గొంతు అక్కర్లేదు. కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కుతారు. ఆ మార్పు ఎలా వచ్చింది, దానివల్ల మనలాంటి చిన్నవాళ్లకు ఒరిగేదేమిటి, పోయేదేమిటి అన్నదే ఈ నాటి ప్రసంగం.

ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తుకున్నానో కూడా చెబుతాను. మొన్నామధ్య మా వీధిలోని ఒక అవ్వ మా ఇంటికి వచ్చి, కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన ఒక పాత అయిదు రూపాయల నోటు తీసింది. ట్రాక్టరు బొమ్మ ఉన్న నోటు.

"వాద్యారయ్యా, దీన్ని ఫోన్లో ఏలం వేస్తే అయిదు లక్షలు వస్తుందంట. మనవడు ఫోటో తీసి పంపించినాడు. ముందుగా రిజిస్టరు చేసేదానికి రెండు వేలు కట్టమంటా ఉండారు. కట్టేదా?" అని అడిగింది.

"రేపటిదాకా కట్టొద్దవ్వా" అన్నాను. ఆ పూటకు అంతకంటే ఏమీ చెప్పలేదు. ఎందుకు కట్టకూడదో ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఏలం చరిత్ర కొంత తడుముకోవలసి వచ్చింది. ఆ తడుముకున్నదే మీ ముందు పెడుతున్నాను.

ముందు మాట సంగతి చూద్దాం. తమిళుల ఏలం, మన వేలం, హిందీవాళ్ల నీలాం, ఇవన్నీ ఒక్క తల్లి బిడ్డలేనని భాషావేత్తలు చెబుతారు. ఆ తల్లి పోర్చుగీసు భాషలోని 'లెయిలావ్' అన్న మాట. అది కూడా పోర్చుగీసువాళ్ల సొంతం కాదు. అరబ్బీలో 'ప్రకటించడం' అన్న అర్థమిచ్చే మాట నుంచి వాళ్లు తెచ్చుకున్నది. వాస్కో డ గామా 1498లో కోళిక్కోడుకు వచ్చిన తర్వాత మిరియాలు, ఏలకుల వెంట నడిచిన వ్యాపారంలో ఈ మాట కూడా మన తీరానికి దిగింది. అంటే, తినే ఏలం ఇక్కడిది. పాడే ఏలం ఓడ దిగి వచ్చింది. తమిళంలో రెండూ కలిసి ఒకే మాటగా నిలిచిపోయాయి.

మాట బయటిదే అయినా, దాన్ని మనం వాడుకున్న తీరు మాత్రం మనదే. మనం వేలం 'పాడతాం'. చెరువు చేపలు పాడుకున్నాడంటాం, చింతతోపు పాడుకున్నాడంటాం, గుడి ముందర కొబ్బరికాయల అంగడి ఎవరు పాడారు అని అడుగుతాం. పాట అంటే పదిమందికీ వినిపించేది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ఊరంతా వినేలా చెప్పేది. ఈ వినిపించడంలోనే వేలానికి ఉన్న ధర్మమంతా ఉంది.

నా లెక్కలో వేలం నిలబడాలంటే మూడు జరగాలి. సరుకు కొనేవాడి కంట పడాలి. ధర అందరి చెవిన పడాలి. డబ్బు అమ్మినవాడి చేతిలో పడాలి. కన్ను, చెవి, చెయ్యి. వేల సంవత్సరాల వేలం చరిత్రలో జరిగిన మోసాలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని మూసెయ్యడం వల్ల జరిగినవే. వచ్చిన సంస్కరణలన్నీ మూసినదాన్ని తెరవడానికి వచ్చినవే.

వేలం చాలా పాతది. రోము నగరంలో క్రీ.శ. 193లో ఏకంగా సామ్రాజ్యాన్నే వేలం వేశారు. చక్రవర్తిని చంపిన అంగరక్షక దళం, ఎవరు ఎక్కువ ఇస్తే వారికే సింహాసనం అని కోటగోడ మీద నుంచి చాటింది. డిడియస్ జూలియానస్ అనే ధనికుడు సైనికుడికి ఇంతని హెచ్చుపాట పాడి గెలిచాడు. ఆయన ఏలుబడి 66 రోజులు. ఆ తర్వాత ఆయన తలే పోయింది. గెలిచినవాడు నిజంగా గెలిచాడా అన్న ప్రశ్న అప్పటి నుంచీ వేలాన్ని వదలలేదు.

మన ప్రాంతానికే వద్దాం. కట్టబొమ్మన్‌ను 1799లో కోవిల్‌పట్టి దగ్గరి కయత్తారులో ఉరితీశారు. 1801 నాటికి పాళెగాళ్ల తిరుగుబాటు అణగిపోయింది. ఆ మరుసటి ఏడే, 1802లో, ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో శాశ్వత శిస్తు చట్టం తెచ్చింది. పాళెగాళ్లు, జమీందార్లు ఉన్నచోట వారితోనే ఒప్పందం కుదుర్చుకుంది. ఎవరూ లేని సర్కారు భూములను ముఠాలుగా విడగొట్టి వేలం వేసింది. సేలం, చెంగల్పట్టు, తెలుగునాట ఉత్తర సర్కారుల హవేలీ భూములు, ఇవన్నీ ఇలా పాటకు వచ్చినవే. పాడుకున్నవాళ్లలో చాలామంది ఆ భూమిని సరిగా చూసినవాళ్లు కాదు. వాన ఎంత, చెరువు నిలుస్తుందా, రైతు ఎంత ఇవ్వగలడు అన్నది తెలియకుండా పోటీ మీద పాట పెంచేశారు. కొద్ది ఏళ్లలోనే శిస్తు కట్టలేక ముఠాలు ఒకటొకటే దివాలా తీశాయి. చివరికి 1820లో మన్రో గవర్నరుగా వచ్చాక రైత్వారీ పద్ధతే ముఖ్యమైంది.

ఇలా ఎందుకు జరుగుతుందో ఆలోచించండి. మీ ఊరి చింతతోపును పది మంది పాడుతున్నారనుకోండి. కాపు ఎన్ని బస్తాలొస్తుందో ఎవరికీ ఖాయంగా తెలియదు. ఒక్కొక్కరూ కంటితో ఒక అంచనా వేస్తారు. ఒకరు తక్కువ వేస్తారు, ఒకరు సరిగ్గా వేస్తారు, ఒకరు అతిగా వేస్తారు. పాట గెలిచేది ఎవరు? అందరికంటే అతిగా అంచనా వేసినవాడే. కాయ దులిపాక నష్టం తెలుస్తుంది. అర్థశాస్త్రవేత్తలు దీనికి 'విజేత శాపం' అని పేరు పెట్టారు. వేలాల శాస్త్రానికి 2020లో నోబెల్ బహుమతి పంచుకున్న అమెరికన్లు రాబర్ట్ విల్సన్, పాల్ మిల్‌గ్రోమ్ దీన్ని లోతుగా విచారించారు. విల్సన్ చెప్పిందేమంటే, తెలివైన పాటదారు ఈ శాపానికి భయపడి తన అంచనా కంటే తగ్గించే పాడతాడు. మిల్‌గ్రోమ్ తన సహచరుడు రాబర్ట్ వెబర్‌తో కలిసి 1982లో మరో ముఖ్యమైన మాట చేర్చారు. అమ్మేవాడు సరుకు గురించి తనకు తెలిసిన నిజం ఎంత ఎక్కువగా బయటపెడితే, కొనేవాడి భయం అంత తగ్గుతుంది, సగటున ధర అంత పెరుగుతుంది. శ్రోతలారా, ఈ మాటను జ్ఞాపకం పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

కన్ను సంగతి అయింది. ఇక చెవి సంగతి. పదిహేడో శతాబ్దంలో లండన్‌లో కొవ్వొత్తి వేలం ఉండేది. అంగుళం కొవ్వొత్తి వెలిగిస్తారు. అది ఆరిపోయే క్షణానికి ఎవరిది చివరి పాటో వారిదే సరుకు. శామ్యూల్ పీప్స్ అనే నౌకాదళ ఉద్యోగి 1662లో తన దినచర్యలో ఒక ముచ్చట రాసుకున్నాడు. ఓడల వేలంలో ఒకడు ప్రతిసారీ సరిగ్గా చివరి క్షణంలో పాడి గెలుస్తున్నాడట. కిటుకు ఏమిటని అడిగితే, కొవ్వొత్తి ఆరబోయే ముందు పొగ కిందికి దిగుతుంది, దాన్ని కనిపెట్టి పాడతాను అన్నాడట. ఈ నాడు ఆన్‌లైన్ వేలాల్లో గడువు ముగియడానికి రెండు సెకన్ల ముందు ధర వేసి గెలిచేవాళ్లున్నారు. వాళ్లు కూడా పొగ చూసేవాళ్లే. కొవ్వొత్తి మారింది, అంతే.

మన సంతల్లో చెవిని మూసే పద్ధతి వేరే. పశువుల సంతకు వెళ్లినవాళ్లకు తెలుసు. తరగరి తువాలు కప్పి, దాని కింద కొనేవాడి వేళ్లు పట్టుకుని ధర చెబుతాడు. ఏ వేలు పట్టాడో, ఎన్ని వందలన్నాడో పక్కనున్న రైతుకు తెలియదు. తన ఎద్దు ధర తనకే తెలియకుండా తువాలు కింద తేలిపోతుంది. పత్తి, మిర్చి, వేరుశెనగ మండీల్లో కూడా ఇలాంటి చాటు బేరాలు, తూకంలో తరుగులు, పేరు పేరునా కోతలు ఉండేవి. వీటిని అరికట్టడానికే రెగ్యులేటెడ్ మార్కెట్లు పుట్టాయి. బేరారు పత్తి మార్కెట్ల చట్టం 1897 నాటిది. వ్యవసాయ రాయల్ కమిషన్ 1928లో ఇలాంటి మార్కెట్లు దేశమంతటా కావాలంది. మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం 1933లో వచ్చింది. దాని కింద తమిళనాట మొదటి మార్కెట్టు 1936లో తిరుప్పూరులో పత్తి కోసం పెట్టారు. నల్లరేగడిలో పత్తి పండించే కోవిల్‌పట్టి, విరుదునగర్ రైతులకు ఇది చిన్న సంగతి కాదు. తన సరుకు ధర తన చెవితో తాను వినడం రైతు హక్కు అని చట్టం ఒప్పుకున్నట్టయింది.

తమిళనాడు రెగ్యులేటెడ్ మార్కెట్లలో 'మరైముగ ఏలం' అని జరుగుతుంది. మీలో చాలామంది చూసే ఉంటారు. వ్యాపారులు కుప్పలన్నీ చూసుకుని, ఒక్కో కుప్పకు తమ ధరను చీటీ మీద రాసి వేస్తారు. చీటీలు విప్పి, అన్నిటికంటే ఎక్కువ రాసినవాడికి ఇస్తారు. పేరులో 'మరైముగం' ఉన్నా ఇది తువాలు లాంటిది కాదు. రాసేటప్పుడు మాత్రమే రహస్యం. విప్పాక అందరికీ తెలుస్తుంది. నచ్చకపోతే అమ్మనని చెప్పి సరుకు ఉంచుకునే హక్కు రైతుకు ఉంటుంది.

ఇక చెయ్యి, అంటే డబ్బు. దీనికి ఆంధ్రలోని వర్జీనియా పొగాకు కథ మంచి ఉదాహరణ. ఒకప్పుడు వ్యాపారి రైతు ఇంటి దగ్గరే పొగాకు కొనేవాడు. డబ్బు మాత్రం అతను ఎప్పుడిస్తే అప్పుడు. బాకీలు వసూలు కాక చితికిపోయిన రైతులెందరో. 1975 చట్టం ప్రకారం 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. బోర్డు వేలంకేంద్రాలు 1984లో కర్ణాటకలోనూ, 1985లో ఆంధ్రలోనూ మొదలయ్యాయి. వేలం బోర్డు చూపులో జరగడం, డబ్బు బోర్డు ద్వారా రైతుకు చేరడం, ఇదీ ఆ ఏర్పాటులోని బలం. తర్వాత ఆ వేలంకేంద్రాల్లోకి కూడా ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చింది.

ఇప్పుడు మన బోడికి వెళ్దాం. 1986 చట్టంతో సుగంధ ద్రవ్యాల బోర్డు ఏర్పడి, అంతకుముందున్న ఏలకుల బోర్డు అందులో కలిసింది. లైసెన్సు ఉన్న వేలందారు, లైసెన్సు ఉన్న వ్యాపారి, వీళ్ల మధ్యనే ఏలకుల వేలం జరగాలని నియమం. అప్పట్లో నోటి పాటే. రైతు తెచ్చిన ఏలకుల నుంచి నమూనా తీసి వ్యాపారుల చేతికిస్తారు. వాళ్లు రంగు చూస్తారు, గింజ సైజు చూస్తారు, వేళ్ల మధ్య నలిపి వాసన చూస్తారు. చూసిన నమూనాను నేల మీద పోసేస్తారు. సాయంత్రానికి ఆ హాలు నేలంతా పచ్చటి ఏలకులు పరుచుకుని ఉంటాయి. కానీ నోటి పాటలో ఒక చిక్కుంది. పాడేవాళ్లందరికీ ఒకరి ముఖం ఒకరికి తెలుసు. పెద్ద వ్యాపారి పాడితే చిన్నవాడు వెనక్కి తగ్గొచ్చు. నలుగురు కళ్లతోనే సైగ చేసుకుని ఈ లాటు నీది, ఆ లాటు నాది అనుకోవచ్చు. అందరి చెవినా పడే ధరే అయినా, అది ముందే కుదిరిపోయిన ధర కావచ్చు.

బోడిలో, ఇడుక్కి జిల్లాలోని పుత్తడిలో 2007లో ఈ-వేలం మొదలుపెట్టారు. వ్యాపారులు అదే హాల్లో కూర్చుంటారు. నమూనా చేతికి వస్తుంది. ముందున్న తెర మీద లాటు నంబరు, సంచులెన్ని, బరువెంత అన్నవి కనిపిస్తాయి. మీట నొక్కితే ధర పెరుగుతుంది. ఎవరు నొక్కారో పక్కవాడికి తెలియదు. 2021లో బోడి, పుత్తడి కేంద్రాలను ఇంటర్నెట్ ద్వారా కలిపి, ఒక చోట కూర్చున్న వ్యాపారి రెండో చోటి వేలంలో కూడా పాల్గొనేలా చేశారు.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఇంత యంత్రం వచ్చినా నమూనాను చేతితో నలిపి చూడడం మానలేదు. చెవి స్థానంలోకి తెర వచ్చింది. కన్ను స్థానంలోకి ఏదీ రాలేదు. ఏలకుల వాసనను ఫోటో తీయలేం కదా. ఇంకో సంగతి, వేలం ధరను బయటపెట్టగలదే కానీ ధరను కాపాడలేదు. 2018 వరదలు, ఆ తర్వాతి ఎండలు పంటను దెబ్బతీసి, 2019లో కిలో ఏలకులు 7000 రూపాయల దాకా ఎక్కాయి. తర్వాత రెండేళ్లలో ధర బాగా దిగిపోయింది. ఎక్కినప్పుడు తోట పెట్టినవాడు దిగినప్పుడు ఏడ్చాడు. యంత్రం రెండిటినీ ఒకే నిజాయితీతో చూపించింది.

దేశమంతటి మార్కెట్లను ఒక్క తెర మీదికి తేవాలని 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అనే పథకం మొదలైంది. మొదటి విడతలోని 21 మార్కెట్లలో తెలంగాణలోని నిజామాబాద్ ఒకటి. అక్కడి పసుపు అప్పటి నుంచి తెర మీదికి ఎక్కింది. తమిళనాడు మార్కెట్లు కూడా తర్వాత చేరాయి.

ఇంతవరకూ పెద్ద మార్కెట్ల కథ. ఇక ఇంట్లో ఒక్క వస్తువున్న మనిషి సంగతి. అతనికి బోర్డు లేదు, లైసెన్సు లేదు, హాలు లేదు. అతని కోసం పుట్టినది అమెరికాలో 1995 సెప్టెంబరులో పియర్ ఒమిద్యార్ అనే యువకుడు పెట్టిన ఆన్‌లైన్ వేలం. అదే తర్వాత ఈబే అయింది. ఆయన అందులో అమ్మిన మొదటి వస్తువుల్లో ఒకటి చెడిపోయిన లేజర్ పాయింటర్. పలకల మీద ఎర్ర చుక్క వేసి చూపించే చిన్న సాధనం. చెడిపోయిందని ఉన్నదున్నట్టు రాసి వేలానికి పెట్టాడు. 14 డాలర్ల 83 సెంట్లకు పోయింది. ఆయనకే ఆశ్చర్యం వేసి, ఇది పనిచేయదని మీకు తెలుసు కదా అని కొన్నవాణ్ణి అడిగాడట. తెలుసు, చెడిపోయిన లేజర్ పాయింటర్లు సేకరించడం నా సరదా అని అతను జవాబిచ్చాడట. ఇందాక జ్ఞాపకం పెట్టుకోమన్న మాట ఇదే. లోపం చెప్పినందువల్ల సరుకు పోలేదు. దానికి తగిన మనిషి దొరికాడు.

ముఖం తెలియని మనిషిని ఎలా నమ్మడం? ఈబే 1996లో ఒక ఉపాయం పెట్టింది. ప్రతి అమ్మకం తర్వాత కొన్నవాడు అమ్మినవాడి గురించి, అమ్మినవాడు కొన్నవాడి గురించి నాలుగు మాటలు రాస్తారు. అవి అందరికీ కనిపిస్తాయి. మన ఊళ్లో 'ఫలానావాళ్ల తూకం సరైన తూకం' అని నాలుగు తరాలు చెప్పుకునే మాటను తెర మీద పెట్టారన్నమాట. పాట పాడే పనిని కూడా యంత్రానికే అప్పగించొచ్చు. మీ గరిష్ఠ ధర వెయ్యి అని చెబితే, రెండోవాడు ఆరు వందల దగ్గర ఆగిపోతే, యంత్రం మీ తరఫున ఆరు వందల పైన ఒక్క మెట్టు మాత్రమే ఎక్కుతుంది. గెలిచినవాడు రెండోవాడి ధర కడితే అందరూ తమ మనసులోని నిజమైన విలువే చెబుతారని విలియం విక్రీ 1961లోనే నిరూపించారు. ఆయనకు 1996లో నోబెల్ ప్రకటించారు. ప్రకటించిన మూడు రోజులకే ఆయన కన్నుమూశారు.

మన దేశంలో 2000లో బాజీ డాట్ కామ్ అనే వేలంశాల పుట్టింది. 2004లో ఈబే దాన్ని సుమారు 5 కోట్ల డాలర్లకు కొన్నది. చాలా ఊళ్లలోని చిన్న వర్తకులు, తపాలా బిళ్లలు, నాణేలు సేకరించేవాళ్లు ఆన్‌లైన్ అమ్మకంలో ఓనమాలు దిద్దుకున్నది అక్కడే. 2017లో ఆ భారతీయ శాఖ ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లింది. 2018 ఆగస్టు 14న మూతపడింది. మన దేశపు జనం వేలం కంటే నిర్ణీత ధరకే మొగ్గారు. అయినా విదేశాల్లో ఈబే నడుస్తూనే ఉంది. ఇక్కడి నుంచి అక్కడికి అమ్మేవాళ్లూ ఉన్నారు. నాణేలకు, బిళ్లలకు ప్రత్యేకమైన వేలంశాలలు మన దేశంలోనే ఆన్‌లైన్‌లో పాటలు నిర్వహిస్తున్నాయి.

మీలో ఎవరైనా మొదటిసారి ఇలా అమ్మాలనుకుంటే, చరిత్ర చెప్పే క్రమంలోనే నడవండి. కన్ను, చెవి, చెయ్యి.

మొదట కన్ను. వస్తువును వెలుతురులో నాలుగు వైపులా ఫోటో తీయండి. పగులు, గీత, తుప్పు, అతుకు ఉంటే దాన్ని దగ్గర నుంచి విడిగా తీయండి. పొడవు, బరువు, ఏ లోహమో, ఎప్పటిదో మీకు తెలిసినంత రాయండి. తెలియనిది ఊహించి రాయకండి. కొనేవాడు విజేత శాపానికి భయపడుతున్నాడని మరచిపోకండి. మీరు లోపం చెప్పకపోతే అతను మీరు చెప్పనివి నాలుగు లోపాలు ఊహించుకుంటాడు.

తర్వాత చెవి. అలాంటి వస్తువు ఇంతకుముందు ఎంతకు అమ్ముడుపోయిందో చూడండి. ఎంతకు పెట్టారో కాదు, ఎంతకు పోయిందో చూడండి. లక్షకు పెట్టిన వస్తువు పదేళ్లయినా అక్కడే ఉండొచ్చు. ఆరంభ ధర తక్కువగా ఉంటే పాడేవాళ్లు ఎక్కువమంది వస్తారు. కానీ ఇద్దరు కూడా రారని తోస్తే, మీకు నష్టం రాని ధర దగ్గరే మొదలుపెట్టండి. పోటీ లేని వేలం వేలం కాదు, దానం. మీ స్నేహితుడి చేత దొంగపాట పాడించి ధర పెంచకండి. అది మన ఊరి వేలంలో ఎంత తప్పో తెర మీద కూడా అంతే తప్పు.

చివరికి చెయ్యి. ధర పెట్టక ముందే వస్తువును పెట్టెలో కట్టి, తూచి, తపాలా ఖర్చు ఎంతవుతుందో అడగండి. ఇత్తడి చెంబు ధర కంటే పంపే ఖర్చు ఎక్కువైన సందర్భాలున్నాయి. వేలంశాల కమిషన్ ఎంత, పన్ను నమోదు కావాలా అన్నది ముందే తెలుసుకోండి. విదేశానికి వ్యాపారంగా పంపాలంటే ఎగుమతి దిగుమతి కోడు నంబరు తీసుకోవాలి. 2022 నుంచి తపాలా శాఖ చిన్న ఎగుమతిదార్ల కోసం డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు నడుపుతోంది. పంపిన రశీదు, పెట్టె కట్టకముందు తీసిన ఫోటో దాచుకోండి. మొదటి అమ్మకం చిన్న వస్తువుతో చేయండి. అందులో మీకు వచ్చే అసలు లాభం డబ్బు కాదు, మొదటి మంచిమాట.

ఇప్పుడు అవ్వ నోటు దగ్గరికి వద్దాం. మర్నాడు ఆమె వచ్చినప్పుడు మూడే ప్రశ్నలు అడిగాను.

"అవ్వా, ఆ మనిషి నీ నోటును చేతితో పట్టి చూసినాడా?"

"లేదయ్యా, ఫోటోనే."

"అయిదు లక్షలని ఎవరు పాడినారు? వాళ్ల పాట నీకు వినపడిందా?"

"ఆయనే చెప్పినాడు."

"మన తోపు ఏలంలో డబ్బు ఎవరు ఎవరికి ఇస్తారు?"

అవ్వ ఒక్క క్షణం ఆగింది. "పాడినోడు కదా కట్టాల. అమ్మేదాన్ని నేనెందుకు కట్టేది?" అంది.

అంతే. దాని తర్వాత నేను చెప్పవలసిందేమీ మిగలలేదు. బడికి వెళ్లని మనిషి, కానీ ఊరి వేలాలు చూసిన మనిషి. ఆ అనుభవాన్ని ఫోను వరకు తెచ్చుకోవడమే ఆలస్యమైంది. పాత నోట్లు, నాణేలు కొంటామని రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని రుసుములు, కమిషన్లు అడిగే మోసగాళ్లున్నారని, అలాంటి వ్యవహారాలతో తమకు ఏ సంబంధమూ లేదని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. ఇంకొక్క మాట. ఫోనులో మీకు డబ్బు రావాలంటే మీ రహస్య పిన్ను నొక్కవలసిన పని లేదు. నొక్కమన్నారంటే డబ్బు మీ దగ్గర నుంచి పోతున్నదని అర్థం. పొరపాటున పోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును దారిలో ఆపడానికి అంత అవకాశం.

ముగించే ముందు, అమ్మకూడని వాటి గురించి చెప్పాలి. మన ఇళ్ల అటకల మీద తాతలనాటి వస్తువులుంటాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన విగ్రహాలు, నాణేలు, కళాఖండాల వంటివి పురావస్తువులు. శాస్త్ర, చరిత్ర, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. వాటిని ప్రైవేటు మనుషులు విదేశానికి పంపడం నేరం. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. తెర మీద ఎవరో మంచి ధర పాడారని పాత విగ్రహాన్ని పెట్టెలో కట్టి పంపితే, వచ్చేది డబ్బు కాదు, కేసు.

చట్టం మాట అలా ఉంచి, మనసు మాట ఒకటి చెబుతాను. ఈ జిల్లాల్లో మనం తెలుగు ఇంట్లో మాట్లాడుకుంటాం, తమిళంలో చదువుకుంటాం. చాలా ఇళ్లలో తెలుగు చదవగలిగిన చివరి మనిషి తాతో, ముత్తాతో అయి ఉంటారు. ఆయన చదివిన తాటాకు కట్ట అటక మీద ఉండొచ్చు. దాన్ని చదవలేని మనకు అది చెత్తలా కనిపిస్తుంది. కొనేవాడికి అలంకారంలా కనిపిస్తుంది. అతను ఆకులు విడదీసి ఒక్కొక్కటి చట్రంలో బిగించి అమ్మొచ్చు. ఆ కట్ట అప్పుడు ఎవరికీ చదవడానికి దొరకదు. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం 1869 నుంచి ఉంది. సి.పి. బ్రౌన్ దొర సేకరించిన తెలుగు ప్రతులు కూడా దాని పునాదిలో ఉన్నాయి. తాటాకులు దొరికితే అలాంటి చోట చూపించండి. వేలం ప్రతిదానికీ ధర చెప్పగలదు. కానీ చూసేవాడికి చదవడం రాకపోతే, ఆ ధర ఆకుకే కానీ అక్షరానికి కాదు.

అవ్వ నోటు ఏమైందంటారా? మళ్లీ కొంగు ముడిలోకే వెళ్లింది. "అయిదు లక్షలు రాకపోతే పోనీ, రెండు వేలు మిగిలినాయి కదా" అని నవ్వుకుంటూ పోయింది. ఆ నెలలో ఆమెకు అదే పెద్ద రాబడి.